సున్నా కన్నా తక్కువ వెలుగు

"గెలాక్సీ ఆరిపోయిందటగా కోడలుగారూ! పార్టీ ఎప్పుడు?"

లిఫ్టు దగ్గర సెక్యూరిటీ ఆయన నవ్వుతూ అడిగాడు. పొద్దున్నే ఆమెకు ఒళ్ళు మండింది.

ఆ గెలాక్సీ ఆమెది. కొన్నది కాదు, కన్నదీ కాదు. కానీ ఏళ్ళ తరబడి దాన్ని కనిపెట్టుకుని ఉన్నది ఆమె. దాన్ని చూడ్డానికి ఎక్స్-రే ఉపగ్రహం మీద సమయం అడిగి, కమిటీలతో పోట్లాడి తెచ్చుకున్నది ఆమె. అది ఆరిపోయిన కబురు తనకన్నా ముందు లిఫ్టు దగ్గరికి చేరింది.

ఆ పిలుపొకటి. ఈ భవనంలో ఆమె కోడలుగారే. పరిశోధన బృందానికి పెద్ద అయిన పెద్దసారు ఆమెకు మావగారు. ఆయన కొడుకుని పెళ్ళాడకముందే ఆమె ఇక్కడ ఉద్యోగంలో చేరింది. ఆ సంగతి ఎవరికీ గుర్తులేదు. గుర్తుచేస్తే నవ్వుతారు. అందుకని గుర్తుచేయడం మానేసింది, మండడం మాత్రం మానలేదు.

కంట్రోల్ రూములో బల్లమీద కేకు ఉంది. దానిమీద చాక్లెట్‌తో గుండ్రంగా నల్లటి మచ్చ గీయించారు. ఆ కేకు వెనక నోరు తుడుచుకుంటూ ఎక్కాలు కూర్చున్నాడు. పెద్దసారు దగ్గర పరిశోధన చేసే కుర్రాడు. ఏ అంకె అడిగినా నోటికి చెప్పేస్తాడని అందరూ అతన్ని ఎక్కాలు అంటారు. ఆ పిలుపు అతనికి ఇష్టం కూడాను.

"ఏంటిది?"

"కేకండీ."

"కేకు నాకూ కనపడుతోంది. గెలాక్సీకి ఏమైందని."

"తిండి మానేసిందండీ!" అతని మొహం వెలిగిపోయింది. "నిన్న సాయంత్రం నుంచి సున్నా. సార్ ప్రెస్‌ని పిలిచారు, ఇంకాసేపట్లో సభ."

ఆ గెలాక్సీ నడిబొడ్డున బ్రహ్మాండమైన కృష్ణబిలం ఉంది. దాని లోపలినుంచి వెలుగు బయటికి రాదు. కానీ అందులో పడబోయే వాయువు చుట్టూ తిరుగుతూ, రాసుకుంటూ కాగిపోతుంది. అంతకన్నా వేడిగా, కృష్ణబిలానికి ఆనుకుని ఒక పలచటి మబ్బు ఉంటుంది. ఎక్స్-రేలు ఎక్కువగా పుట్టేది అక్కడే. పైనుంచి వాయువు పడుతున్నంతకాలం ఎక్స్-రేలు వస్తాయి. తిండి ఆగితే పొయ్యి ఆరుతుంది. ఇలాంటి పొయ్యి ఉన్నట్టుండి ఒక్కరోజులో ఆరిపోగలదని పెద్దసారు కుర్రతనంలో రాశారు. అప్పట్లో ఎవరూ నమ్మలేదు. ఇప్పుడు రిటైరవబోతున్నారు. ఇవాళ్టి సభే ఆయనకు చివరిది.

"నాకెందుకు చెప్పలేదు?"

"ఇంట్లో చెప్తానన్నారండీ సార్."

"ఇంట్లో పొద్దున సార్ నన్ను అడిగింది టీవీ రిమోట్ ఎక్కడుందని. ఇంకేం మాట్లాడలేదు."

ఎక్కాలు నవ్వబోయి, ఆమె మొహం చూసి మింగేశాడు.

"అయితే ఉపగ్రహాన్ని తిప్పేస్తారా?"

"అవునండీ. ఆరిపోయినదాన్ని చూస్తూ కూర్చోవడం ఎందుకని సార్ వేరే టీముకి ఇచ్చేశారు. సభ టైముకి వచ్చే పాస్‌లో కమాండ్ వెళ్ళిపోతుంది."

ఉపగ్రహం భవనం మీదున్న యాంటెనాకి ఎదురుగా వచ్చే కాసేపటినే వాళ్ళు పాస్ అంటారు. దానితో మాట్లాడాలంటే అదే అదును. ఇవాళ తిప్పేస్తే మళ్ళీ ఇటు తిప్పడానికి లేదు. రేపో ఎల్లుండో సూర్యుడు ఆ దిక్కుకి దగ్గరగా వచ్చేస్తాడు. ఇక నెలల తరబడి ఆ గెలాక్సీ కనపడదు. అప్పటిదాకా అక్కడ ఏం జరిగినా జరిగినట్టు ఎవరికీ తెలియదు.

"ఎంత వచ్చింది?" అంది ఆమె.

"చెప్పానుగా, సున్నా."

"సున్నా పాయింట్ ఎంత?"

"ఉట్టి సున్నానండీ."

ఆమె చేతిలోని బ్యాగు దబ్బున బల్లమీద పడింది. కేకు అదిరింది.

"ఎక్స్-రే పరికరంలో ఉట్టి సున్నా వస్తుందా? ఏమీ లేని చీకటి ఆకాశాన్ని చూసినా పైకో కిందకో కాస్త ఊగుతుంది. ఉట్టి సున్నా అని పరికరం చెప్పిందా, సార్ స్క్రిప్టు చెప్పిందా?"

"సార్ స్క్రిప్టేనండీ," అన్నాడు అతను. పెద్దసారు రాసిన పాత ప్రోగ్రాం అది. ఉపగ్రహం పంపిన డేటాని శుభ్రంచేసి, గెలాక్సీ మీద చిన్న వలయం గీసి, అందులో పడిన వెలుగు కణాలను లెక్కపెడుతుంది. ఆ వలయం చుట్టూ ఇంకో పట్టీ తీసుకుని, అక్కడున్నది ఉత్త ఆకాశమని నమ్మి, ఆ లెక్క తీసేస్తుంది. మిగిలినది గెలాక్సీది. మిగిలినది మైనస్ వస్తే దాన్ని సున్నా చేసేయమని అందులో ఒక లైను ఉంది. ఎప్పుడో గ్రాంటు ఇచ్చేవాళ్ళెవరో మైనస్ వెలుగేంటని వెటకారం చేశారట. పెద్దసారుకి పౌరుషం వచ్చి ఆ లైను పెట్టారు.

ఆ లైను తీసేయమని ఆమె అడగని నెల లేదు. ఆఫీసులో అడిగితే, "ఇంట్లో మాట్లాడుకుందాం అమ్మాయ్, అందరి ముందూ ఎందుకు" అనేవారు. ఇంట్లో అడిగితే, "ఆఫీసు గొడవలు ఇంట్లోకి తేకు" అనేవారు. అత్తగారు కూడా వంటగదిలోంచి అందుకునేవారు: "ఆ మైనస్సేదో రేపు చూసుకోవచ్చుగానీ ఆయన్ని తిననివ్వమ్మా!"

"లే," అంది ఆమె.

"ఎక్కడికండీ?"

"కుర్చీలోంచి లే."

అతను లేచాడు. ఆమె కూర్చుని ఆ లైను పక్కకు పెట్టి ప్రోగ్రాం నడిపింది. స్క్రీన్ మీద అంకె మారింది. మైనస్. చిన్నాచితకా మైనస్ కాదు. ఎంత పెద్దదంటే ఎక్కాలు చేతిలోని కేకు ముక్క నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది.

"ఇదేంటండీ ఇది! సున్నా కన్నా ఇంత తక్కువా?"

"పొయ్యి ఆరితే సున్నా దగ్గర ఉండాలి. సున్నా కన్నా ఇంత కిందికి పోయిందంటే, మనం ఉత్త ఆకాశం అనుకుని తీసేస్తున్న పట్టీ ఉత్తది కాదన్నమాట. శుభ్రం చేయని పచ్చి ఫొటో తెరువు."

"శుభ్రం చేసిన డేటా ఉండగా పచ్చి ఫొటో ఎవరు చూస్తారండీ..."

"అదేరా మన ఖర్మ! ఎవరూ చూడలేదు! కేకు మాత్రం అందరూ చూశారు! తెరువు!"

తెరిచాడు.

చీకటి మధ్యలో గాజులా ధగధగలాడే వలయం. దాని నడిమధ్యన నల్లటి చిల్లు. ఆ వలయం గుండా, ఫొటో పైఅంచు నుంచి కిందఅంచు దాకా సన్నటి తెల్లటి చారిక.

ఎక్కాలు నోరు తెరిచాడు. ఆమె పళ్ళు బిగిశాయి. ఒక్క క్షణంలో మొత్తం అర్థమైపోయింది. అర్థమైనకొద్దీ అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఆరిపోలేదు," అంది. "మండిపోతోంది. మనం పుట్టి బుద్ధెరిగాక ఇంతలా ఎప్పుడూ మండలేదు."

"నల్లగా ఉంది కదండీ?"

"గుమ్మం దగ్గర ఒక కాపలావాడిని పెట్టారనుకో. ఒక్కొక్కరిగా వస్తే లెక్కపెట్టమన్నారు. జనం పదిమంది కలిసి ఒక్కసారే మీదపడ్డారు. వాడి కంటికి అది మనిషిలా లేదు. ఇదేదో ఏనుగు, మన లెక్కలోది కాదని వెనక్కి పంపేశాడు. సాయంత్రం యజమాని అడిగితే ఎవరూ రాలేదండీ అన్నాడు. మన పరికరం చేసింది అదే. ఒకే చోట ఒకేసారి బోలెడు కణాలు పడేసరికి, ఇవి ఎక్స్-రేలు కావు, చెత్త అని పారేసింది. వెలుగు ఎక్కువైన చోటే చిల్లు పడింది. చుట్టూ చెదిరిన కాస్త వెలుగు ఆ పట్టీలో పడింది. దాన్ని మన మహాప్రోగ్రాం ఆకాశం అనుకుని తీసేసింది."

"అయితే అసలు ఎంత వెలుగు ఉన్నట్టు?"

"చారిక చెప్తుంది. ఒక్కో ఫొటోని చదవడానికి పరికరం దాన్ని వరసలు వరసలుగా కిందికి జరుపుతుంది కదా. జరిగేటప్పుడు కూడా వెలుగు పడుతూనే ఉంటుంది. చారికలో ఒక్కో చోట పడేది రెప్పపాటు సేపే. కాబట్టి అక్కడ తొక్కిసలాట లేదు. ఆ లెక్క నిజం."

"శుభ్రం చేసేటప్పుడు ఆ చారికని మరక అని తుడిచేస్తామండీ."

"తుడిచేస్తాం! మన దగ్గర నిజం చెప్పేది అదొక్కటే, దాన్నే తుడిచేస్తాం! కూర్చుని లెక్కకట్టు. నేను వస్తున్నా."

పెద్దసారు తన గదిలో అద్దం ముందు టై సరిచేసుకుంటున్నారు. ఆమె తలుపు కొట్టలేదు.

"సార్, ప్రెస్‌ని వెనక్కి పంపేయండి."

ఆయన అద్దంలోనే ఆమెను చూశారు. "ఏంటమ్మాయ్, మళ్ళీ ఏమైంది?"

చెప్పింది. ఫోనులో ఫొటో చూపించింది. ఆయన కళ్ళజోడు పైకి జరుపుకుని చూశారు. ఆ వయసులో కూడా ఆయనకి అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. అర్థమైందని ఆమెకు తెలిసిపోయింది. టై ముడి మీద ఆయన వేళ్ళు ఆగిపోయాయి.

"ఇది... పరికరం తేడా కూడా కావచ్చు."

"చారిక లెక్క వస్తోంది."

"వస్తే రానీ. రేపు కూర్చుని చూద్దాం."

"రేపటికి ఉపగ్రహం ఎటో తిరిగిపోయి ఉంటుంది! మీరే తిప్పేయమన్నారు! మళ్ళీ మనకి కనపడేసరికి ఈ మంట ఉండదు. ఇలాంటిది జీవితంలో ఒక్కసారి కూడా రాదని క్లాసులో మీరేగా చెప్పారు మాకు?"

ఆయన కుర్చీలో కూర్చున్నారు. గొంతు తగ్గించారు.

"ఒక్కరోజు ఆగమ్మా. ఇవాళ ఒక్కరోజు. బయట జనం వచ్చి కూర్చున్నారు. నా పాత గురువుగారు చక్రాల కుర్చీలో వచ్చారు, నా మాట తప్పని అందరికన్నా ముందు అన్నది ఆయనే. రేపు నువ్వే సవరణ రాయి, నీ పేరుతో రాయి, నేను అడ్డుచెప్పను. ఇప్పుడు మాత్రం... ఇంట్లో మాట్లాడుకుందాం."

ఆ చివరి మాటతో ఆమెలో ఏదో తెగిపోయింది.

"ఇంట్లోనా? ఇంట్లో ఏం మాట్లాడనిచ్చారు సార్ మీరు? అక్కడ కోడల్ని కాబట్టి నోరు మూసుకోవాలి. ఇక్కడ ఉద్యోగిని కాబట్టి నోరు మూసుకోవాలి. మరి నేను ఎక్కడ మాట్లాడాలి, లిఫ్టులోనా? నాకు సవరణ వద్దు. మీ తప్పు మీద నా పేరు వద్దు. నాకు నా గెలాక్సీ కావాలి!"

"అరవకు. అందరూ వింటారు."

"విననివ్వండి! ఇన్నాళ్ళూ వినకపోబట్టే కేకు కోశారు!"

ఆయన లేచి కోటు తొడుక్కున్నారు. మొహం గట్టిపడింది.

"నేను వేదిక ఎక్కుతున్నాను. నా వెనక స్క్రీన్ మీద గెలాక్సీ వెలుగు గీత సున్నా దగ్గర, నేలమీద పాకుతూ ఉంటుంది, నేను మాట్లాడతాను. ఉపగ్రహం అనుకున్న ప్రకారం తిరుగుతుంది. నీకు అంత కోపంగా ఉంటే ఇంటికెళ్ళి పడుకో."

"ఆ స్క్రీన్ ఆపేయించండి సార్," అంది ఆమె. "అది లైవ్‌లో వస్తుంది. తర్వాత నన్ను అనొద్దు."

ఆయన వినిపించుకోలేదు. కోటు దులుపుకుని వెళ్ళిపోయారు.

ఉపగ్రహానికి కమాండ్లు పంపేది హెడ్‌సెట్ అక్క. అన్నం తినేటప్పుడు కూడా చెవుల మీది హెడ్‌సెట్ తీయదని ఆ పేరు. ఆవిడ గది అద్దాల గోడల వెనక ఉంటుంది. పెద్దసారంతటి వాళ్ళయినా చెప్పులు విప్పి, గొంతు తగ్గించి లోపలికి వెళ్ళాలి. ఆమె చెప్పులు విప్పింది, గొంతు తగ్గించలేదు.

"అక్కా, తిప్పకు. గెలాక్సీ మీదే ఉంచి, స్పీడ్ మోడ్‌కి మార్చు."

స్పీడ్ మోడ్ అంటే మొత్తం ఫొటో తీయకుండా సన్నటి పట్టీని మాత్రమే గబగబా చదవడం. అప్పుడు ఒకదానిమీద ఒకటి పడేంత తీరిక కణాలకు ఉండదు.

"అమ్మా కోడలా, నిన్ను చూస్తే జాలేస్తోంది గానీ," అంది అక్క, "మీ మావగారి ఆర్డరు నా దగ్గరుంది. మీ ఇంటి గొడవలో నన్ను లాగకు."

"ఇది ఇంటి గొడవ కాదక్కా!"

"కాకపోతే నిబంధన చెప్తా విను. పరికరం తట్టుకోలేనంత వెలుగు ఉందని ఇద్దరు శాస్త్రవేత్తలు నా ముందు నిలబడి చెప్తే, ఎవరి ఆర్డరు ఉన్నా నేను ఆపాలి. మోడ్ మార్చాలి. ఒక్కరు చెప్తే ఆపకూడదు. నువ్వు ఒక్కదానివి. రెండోవాళ్ళేరీ?"

ఆమె వెనుదిరిగి పరిగెత్తింది.

ఎక్కాలు బల్ల దగ్గరే ఉన్నాడు. పక్కన తినకుండా వదిలేసిన కేకు ముక్క అలాగే ఉంది. అతని స్క్రీన్ మీద అంకెలు నిండిపోయాయి.

"లెక్క వచ్చిందా?"

"వచ్చిందండీ." అంకెను నోటితో చెప్పలేదు. మొదటిసారి. స్క్రీన్ ఆమె వైపు తిప్పాడు. మామూలుగా ఉండే వెలుగుకి వందల రెట్లు.

"పద, అక్క దగ్గరికి. నువ్వు రెండోవాడివి."

"నేనా?" అతను వెనక్కి జరిగాడు. "కోడలుగారూ... సార్ నా థీసిస్ మీద సంతకం పెట్టాలండీ. వచ్చే నెలే. మీకంటే ఏదో ఇంట్లో సర్దుకుపోతుంది. నాకు ఎవరున్నారు?"

ఆమెకు అతన్ని చెంప మీద కొట్టాలనిపించింది. అతని మొహం చూసి ఆగిపోయింది. కోపం తగ్గి కాదు. ఆ మాటలో అబద్ధం లేదు.

"లెక్క తప్పైతే రావద్దు," అంది. "నాకోసం రావద్దు. గెలాక్సీకోసం కూడా వద్దు. ఆ అంకె తప్పా, ఒప్పా? అది చెప్పు చాలు."

అతను స్క్రీన్ వైపు చూశాడు. ఇంకోసారి చూశాడు. ఏదో మొదటినుంచి మళ్ళీ కూడినట్టు పెదవులు కదిలాయి.

"ఒప్పేనండీ," అన్నాడు ఏడుపు గొంతుతో. "అదేనండీ నా ప్రారబ్ధం. ఒప్పే."

ఇద్దరూ కారిడార్లో పరిగెత్తారు. అద్దాల గది ముందు అతను చెప్పులు విప్పడం మర్చిపోయాడు. హెడ్‌సెట్ అక్క అరిచింది. విప్పాడు. ఇద్దరూ ఆవిడ ముందు నిలబడ్డారు.

"చెప్పండి," అంది అక్క.

"పరికరం తట్టుకోలేనంత వెలుగు ఉంది," అంది ఆమె.

"ఉంది," అన్నాడు ఎక్కాలు. ఆ తర్వాత అంకె చెప్పాడు, పాయింట్ తర్వాతివి కూడా వదలకుండా.

హెడ్‌సెట్ అక్క ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. "మీ ఇంట్లో ఇవాళ ఎవరికీ భోజనం దొరకదు," అంది ఆమెతో. తిప్పే కమాండు తీసి పక్కన పెట్టింది. పాస్ మొదలైంది. మోడ్ మార్చే కమాండు పైకి వెళ్ళింది.

కాసేపు ఏమీ లేదు. ముగ్గురూ స్క్రీన్ వైపు తిరిగారు.

వెలుగు గీత నేలమీద పాకుతూ ఉంది. పాకుతూ పాకుతూ ఒక్కసారిగా నిటారుగా లేచింది. స్క్రీన్ పైఅంచుని దాటిపోయింది. కంప్యూటర్ తనంతట తాను కొలతను సగానికి కుదించింది. మళ్ళీ దాటింది. మళ్ళీ కుదించింది.

"అమ్మ బాబోయ్," అంది హెడ్‌సెట్ అక్క, హెడ్‌సెట్ తీసేసి.

"అక్కా," అంది ఆమె, "ఈ గీతే కదా కింద హాల్లో సార్ వెనక వచ్చేది?"

కింది అంతస్తునుంచి, చాలామంది ఒకేసారి మాట్లాడుకుంటున్న హోరు వినిపించింది. ఆ హోరులో ఒక ముసలి గొంతు పగలబడి నవ్వింది. చక్రాల కుర్చీలో వచ్చిన గురువుగారిది కావచ్చు. తర్వాత మైకు కీచుమంది. తర్వాత అదీ ఆగిపోయింది.

ఆమె నవ్వలేదు. నవ్వు వస్తుందేమో అనుకుంది, రాలేదు. చెప్పాను కదా, ఆపేయమన్నాను కదా అనే మాటలు గొంతులో మండుతూ తిరిగాయి. ఆయన ఇంత వయసులో నలుగురిలో అలా నిలబడడం ఆమె కోరుకోలేదు. ఆ పని కూడా ఆయన ఆమె చేతే చేయించారు. అందుకు ఇంకా ఎక్కువ కోపం వచ్చింది.

కంట్రోల్ రూముకి తిరిగొచ్చి ప్రోగ్రాం తెరిచింది. మైనస్‌ని సున్నా చేసే లైను మీద వేలు పెట్టి చూపించింది.

"తీసేయి."

"సార్‌ని ఒక మాట అడగనా అండీ?" అలవాటుగా అనేశాడు ఎక్కాలు.

"ఎక్కడ అడుగుతావు? ఆఫీసులోనా, ఇంట్లోనా?"

అతను తీసేశాడు.

సాయంత్రం దాకా వచ్చిన ప్రతి పాస్‌లోనూ డేటా దిగుతూనే ఉంది. వెలుగు పెరుగుతూ, తగ్గుతూ, కృష్ణబిలం చుట్టూ ఏదో గుండెలా కొట్టుకుంటున్నట్టు ఊగింది. ఫోను మోగింది. అత్తగారు.

"ఏమ్మా, ఆయన ఫోను ఎత్తడం లేదు. సభ బాగా జరిగిందా? బీపీ మాత్ర వేసుకున్నారా?"

"సభ సంగతి ఆయన్నే అడగండి అత్తయ్యా. మాత్ర నేను ఇస్తాను."

ఫోను పెట్టేసి తలెత్తింది. గుమ్మంలో పెద్దసారు నిలబడి ఉన్నారు. టై ఊడిపోయి ఉంది. ఆయన కళ్ళు ఆమె మీద లేవు, స్క్రీన్ మీద ఉన్నాయి. ఎక్కాలు గబుక్కున లేచి తన కుర్చీ ఇవ్వబోయాడు. ఆమె అతని చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది.

"నన్ను నవ్వులపాలు చేశావు," అన్నారు ఆయన.

"చెప్పాను సార్. మీ గదిలో, మీ ఎదురుగా నిలబడి చెప్పాను."

గీత మళ్ళీ పైకి లేచింది. ఆయన తనకు తెలియకుండానే ఒక అడుగు ముందుకి వేశారు.

"పెరుగుతోందా ఇంకా?"

"పెరుగుతోంది."

"చారికతో సరిపోయిందా?"

"సరిపోయింది."

ఆమె సొరుగులోంచి మాత్ర తీసి, నీళ్ళ సీసాతో పాటు బల్ల చివర పెట్టింది. ఆయన వైపు చూడలేదు. ఆయన మాత్ర వేసుకుని, సీసా చేతిలోనే పట్టుకుని నిలబడ్డారు.

"పొద్దుపోయింది," అన్నారు మెల్లగా. "ఇంటికెళ్ళి మాట్లాడుకుందామా అమ్మాయ్?"

ఆమె పక్కనున్న ఖాళీ కుర్చీని కాలితో ఆయన వైపు నెట్టింది. అది కీచుమంటూ వెళ్ళి ఆయన మోకాళ్ళకి తగిలి ఆగింది.

"ఇక్కడే," అంది. "కూర్చోండి సార్. ముందు ఆ మైనస్ సంగతి మాట్లాడదాం."